కంప్రెసర్ శ్రుతి

ఫహాహీల్‌లో, సముద్రం వాసన వచ్చేంత దగ్గర్లో,
సముద్రం కనిపించనంత లోపల,
మా బిల్డింగు కింద నీళ్ల పంపుల గది.
హారిసుకు వారానికి రెండు దినార్లు,
సలోమి వండిన చేపల పులుసు ఒక గిన్నె.
తాళం మాది, గురువారం రాత్రి మాది.

గోడ అవతల ఏసీ కంప్రెసర్ ఒకటి
పగలూ రాత్రీ ఒకే స్వరం మీద మూలిగేది.
ఆపితే నాలుగంతస్తులూ ఉడికిపోతాయి.
"ఆపలేనిదాన్ని వాయిద్యం అనుకోవాల" అన్నాడు ఓబులేసు.
ఏసీ మెకానిక్కు గదా, దాని భాష వాడికి తెలుసు.
అట్లా మా తీగలన్నీ దానికే శ్రుతి చేసుకున్నాం,
లోకం వాయించేదానికంటే పావు మెట్టు కిందికి.

శుక్రవారం సంతలో నేను కొన్న బేస్ గిటార్
మెడ కాస్త వంకర.
చాంద్ బాషా డ్రమ్ములు సగమే డ్రమ్ములు,
మిగతా సగం బకాలా వెనక పారేసిన నూనె డబ్బాలు.
సెలూన్‌లో కనుబొమలు తీర్చి తీర్చి
వేళ్ల మీద దారం కోతలతో వచ్చేది సలోమి.
మైకు పట్టుకుంటే తెలిసిపోయేది
చర్చిలో నేర్చిన గొంతని,
చర్చి ఒప్పుకోని పాటలని.

పేరు నలభై తొమ్మిది.
యాభై డిగ్రీలు దాటితే పని ఆపాలంట,
అందుకే ఏ ఎండాకాలమూ యాభై దాటదని
క్యాంపుల్లో ఒక జోకు.
మొదటి పాట ఆ జోకు మీదే.
రెండోది పాస్‌పోర్టులు దాచే సొరుగు గురించి.
మూడోది ప్రేమ మీద. నేనే రాశా, బాగుండదు.

అబ్బాసియాలో ఒక స్కూలు హాలు,
ముందు వరసలో శాలువాలతో సంఘం పెద్దలు.
మూడో నిమిషానికి చెవులు మూసుకున్నారు.
వెనక నిలబడ్డవాళ్లు మాత్రం,
డ్రైవర్లు, నర్సులు, షటరింగు కుర్రాళ్లు,
కుర్చీలు నెత్తికెత్తుకున్నారు.
ఆ తర్వాత మంగఫ్. ఆ తర్వాత
ఎడారిలో చలికాలపు గుడారం, జనరేటరు చచ్చిపోతే
ఫోన్ల వెలుగులో, కరెంటు లేని గొంతుతో
సలోమి ఒక్కతే పాట చివరిదాకా మోసింది.
ఒకరోజు నీళ్ల ట్యాంకరు వెనక దుమ్ములో
ఎవరో వేలితో రాశారు మా పేరు,
అరబ్బీ అంకెల్లో.
అంటే రాసింది మనవాడు కాడు!
చాంద్ బాషా దాని వెనకే మైళ్ల దూరం బండి తోలాడు,
డెలివరీ కోళ్లు కరిగిపోతున్నా.

విడిపోవడం గురించి తలా ఒక కథ చెబుతాం.
సలోమికి ఒక్కదానికే బహ్రెయిన్ నుంచి పిలుపొచ్చిందని,
ఓబులేసు ప్రతి పాటలో తన సోలో సాగదీశాడని.
నాకు తెలిసింది తొమ్మిది దినార్లు.
సాల్మియా షోకి నూట ఎనభై అన్నారు,
కవరులో నూట డెబ్బై ఒకటే ఉంది.
హోటల్ మెట్ల మీద, చెమటలు ఆరకముందే,
మూడుసార్లు లెక్కపెట్టాం.
మూడోసారి నోట్లను కాదు,
ఒకరి వేళ్లు ఒకరం చూసుకున్నాం.
ఎవరూ అరవలేదు. ఒక్క మాట వచ్చింది, అదీ నాదే:
"కవరు తెచ్చిందెవరు?"

చాంద్ బాషా పుల్లలు జేబులో దోపుకున్నాడు.
మా ముగ్గురికీ నలభై ఐదు చొప్పున పంచి,
మిగిలిన ముప్పై ఆరూ తీసుకుని
మెట్లు దిగాడు.

లాండ్రీలో ఇప్పుడు రాత్రి డ్యూటీ నాది.
గిటార్ తీగల్లో లావుది ఊడదీసి హ్యాంగర్లకు కట్టా,
పదహారు దిష్‌దాషాలు మోస్తుంది, కుంగదు.
మొన్న బిల్డింగుకు కొత్త కంప్రెసర్ వచ్చింది.
సద్దే చేయదు.
పాతదాన్ని క్రేను లారీలోకి దించుతుంటే
ఇస్త్రీ వదిలేసి బయటికొచ్చి చూశా.
ఆ రాత్రి మూడు తీగల మీద ఆ స్వరం వెతికా,
అటూ ఇటూ తగుల్తుంది, దొరకదు.

ఏడాది తర్వాత ఓబులేసుకు ఫోన్ చేశా.
"దాన్ని పీకింది నేనే" అన్నాడు.
"పని నాకే పడింది. నువ్వు బయటికొచ్చి నిలబడింది చూసినా."
పిలవలేదేం అని నేను అడగలేదు.
"ఆ స్వరం గుర్తుందా?"
"ఉంది" అన్నాడు.
అని, ఊరుకున్నాడు.
లైన్లో వాడి వెనక ఏదో మిషన్ తిరుగుతోంది,
అది వేరే శ్రుతి.